పాచి మెట్టు

కుడికాలు పిండికట్టులో పడ్డ తర్వాత వచ్చిన మొదటి ఆదివారమే బీమా గుమాస్తాకు చిక్కొచ్చి పడింది. ఇంట్లో ఊట నీళ్ళు రెండు గ్లాసులే మిగిలాయి. ఆ రెండూ పొద్దున్నే తండ్రి తాగేశాడు.

కాలేజీలో ముప్పయ్యేళ్ళు రసాయన శాస్త్రం చెప్పి రిటైరైన ఆ పెద్దాయన, ఆరేళ్ళుగా కొండ ఊట నీళ్ళు తప్ప వేరే నీళ్ళు ముట్టడు. కుళాయివి చచ్చిన నీళ్ళంటాడు. ఫిల్టరువి చంపిన నీళ్ళంటాడు. ఇంటికొచ్చినవాళ్ళకి ఊట నీళ్ళు అరగ్లాసు పోసిచ్చి, బాగున్నాయనేదాకా వదలడు.

ఆయన కోసం కొడుకు ప్రతి ఆదివారం ఆరింటికి నాలుగు క్యాన్లు స్కూటరుకి కట్టుకుని బయల్దేరేవాడు. పదింటికి తిరిగొచ్చి ముందుగదిలో కూలబడి, "అబ్బ, ఏం క్యూ" అనేవాడు. ఆ పూట అతనికి పని చెప్పే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు. పెద్దాయన నలుగురిలోనూ కొడుకుని అపర భగీరథుడని చెప్పుకునేవాడు.

వారం మొత్తంలో గుమాస్తాకు తనవంటూ ఉన్నవి ఆ నాలుగు గంటలే. మిగతాదంతా ఆఫీసూ, ఇల్లూ, ఇంట్లో ఖనిజ లవణాల మీద ఉపన్యాసాలూను.

ఊట దగ్గర పాచి పట్టిన మెట్టు మీద జారి కాలు విరిగిందని చెప్పేసరికి పెద్దాయన కళ్ళు చెమర్చాయి. అయినా ఆదివారం రానే వచ్చింది, దాహం వేయనే వేసింది.

"నేను వెళ్ళొస్తాను" అంది భార్య, తోమిన గిన్నెలు బోర్లిస్తూ.

గుమాస్తా వెంటనే అడ్డం పడ్డాడు.

దారి బాగోదన్నాడు. కోతులున్నాయన్నాడు. క్యూలో మగవాళ్ళు తోసుకుంటారన్నాడు. కట్టు విప్పేదాకానే కదా, కొట్లో సీసాలు తెప్పించుకుందామన్నాడు. సీసాల మాట వినగానే పెద్దాయన అలిగి గోడవైపు తిరిగి కూర్చున్నాడు.

"ఆరేళ్ళు మీరు పడ్డారు. ఆరు వారాలు నేను పడలేనా?" అంది ఆవిడ.

పెళ్ళయిన పద్నాలుగేళ్ళలో ఆదివారం పొద్దున ఆవిడ గడప దాటడం అదే మొదలు. వంట, ఉతుకుడు, పిల్లల గోళ్ళు, వారానికి సరిపడా ఇస్త్రీ, అన్నీ ఆ పూటే. ఎందుకైనా మంచిదని చేతిసంచీ ఒకటి భుజాన వేసుకుని స్కూటరు తీసింది.

కాలు కాలిన పిల్లిలా ఇల్లంతా తిరుగుదామంటే గుమాస్తాకు ఆ కాలే లేదు. ఎనిమిదయింది. తొమ్మిదయింది. ఉతికిన బట్టల కుప్ప కుర్చీలో అలాగే ఉంది. పిల్లలు ఆకలంటే బిస్కెట్ల డబ్బా చూపించాడు. ఆవిడ ఏ మొహంతో తిరిగొస్తుందోనని కిటికీలోంచి వీధి వైపే చూస్తూ కూర్చున్నాడు.

పదీ పదికి స్కూటరు ఆగింది. క్యాన్లు నాలుగూ మూతల దాకా నిండి ఉన్నాయి. ఆవిడ ముందుగదిలో కుర్చీలో కూలబడింది.

"అబ్బ, ఏం క్యూ" అంది.

గుమాస్తా మెల్లిగా అడిగాడు.

"క్యూ ఉందా?"

"ఉండదా మరి? నా ముందు ముప్పైరెండు మంది. టోపీ పెట్టుకున్న ఒకాయన మధ్యలో దూరబోతే అందరూ కలిసి వెనక్కి పంపారు."

"మరి... ఆ మెట్టు?"

"మీరు పడ్డదే కదా, చూశాను. పాచి అలాగే ఉంది. పక్కనించి దిగాను."

ధార బొటనవేలి లావున పడుతోందట. చెయ్యి పెడితే మోచేతి దాకా జివ్వుమందట. మనిషి గొంతుని బట్టే దొంగ క్లెయిము పట్టేస్తాడని గుమాస్తాకు ఆఫీసులో పేరు. అడక్కుండా అన్ని వివరాలూ చెప్పేవాళ్ళని నమ్మొద్దని కొత్తవాళ్ళకి పాఠం చెప్పేది కూడా అతనే. ఇప్పుడు మాత్రం తలాడిస్తూ విన్నాడు. ఆవిడ చెప్పులకి చెమ్మయినా లేదు. సంచీలోంచి నవల తొంగిచూస్తోంది. నిన్నటిదాకా నాలుగో పేజీ దగ్గరున్న గుర్తుకాగితం ఇప్పుడు సగం దాటింది.

ఈలోగా పెద్దాయన గ్లాసు తెచ్చుకున్నాడు. గుక్కెడు నోట్లో పోసుకుని, ఆ బుగ్గకీ ఈ బుగ్గకీ తిప్పి, కళ్ళు మూసుకుని మింగాడు.

"ఇవీ ఊట నీళ్ళంటే" అన్నాడు. "ఏమనుకోకురా అబ్బాయ్, నువ్వు తెచ్చేవాటికి ఎక్కడో కుళాయి వాసన తగిలేది. అమ్మాయి సరిగ్గా రాతిలోంచి పడే ధార పట్టింది."

"అయితే మామయ్యగారూ, కట్టు విప్పాక కూడా నేనే వెళ్తాను" అంది ఆవిడ. "ఆయనకి ఆ మెట్టు అచ్చిరాలేదు."

పెద్దాయన పరమానందంగా ఒప్పుకున్నాడు. భగీరథుడి బిరుదు అక్కడికక్కడే కోడలికి బదిలీ చేశాడు. కాలు బాగయ్యాక ఆదివారాల ఇస్త్రీ కొడుకు చూసుకుంటాడని కూడా తనే తీర్మానించాడు.

కాదనడానికి గుమాస్తా నోరు తెరిచాడు. ఆవిడ తలతిప్పి అతని వైపు చూసింది, ఎంతో ప్రేమగా. తెరిచిన నోరు మెల్లిగా మూసుకున్నాడు.

కొండ మీద ఆ ఊట చుక్క లేకుండా ఎండిపోయి మూడేళ్ళయిందన్న సంగతి, ఆ ఇంట్లో ఇవాళ పొద్దుటిదాకా అతనొక్కడికే తెలుసు.