ప్రూఫు మీద సంతకం

“సార్, ‘ప్రముఖ’ అన్న మాట ఒక్క పేజీలనే మూడుసార్లు వచ్చింది. రెండు తీసెయ్యాల్నా?” అని అడిగింది శారద, కంప్యూటర్ తెర మీది నుంచి చూపు తిప్పకుండానే.

ఓంప్రకాశ్ కొంచెం నొచ్చుకుని, ఒకటి మాత్రం ఉంచమన్నాడు.

మట్టెవాడలోని ఆ డీటీపీ సెంటర్‌కు ఆయన రావడం ఆ వారంలో ఇది నాలుగోసారి. మెటీరియల్స్ ఇంజనీర్ల సంఘం వరంగల్ శాఖకు ఎన్నికలు దగ్గరపడ్డాయి. పాలకవర్గంలో ఖాళీ ఒక్కటే, పోటీ ఇద్దరి మధ్య. అభ్యర్థుల వృత్తి వివరాలతో చిన్న పుస్తకం వేసి సభ్యులకు పంచుతారు. సభ్యుల్లో సగం మంది ఫౌండ్రీల్లో పనిచేసి పైకొచ్చినవాళ్లు కాబట్టి పుస్తకం తెలుగులోనే. మనిషికి ఒక్క పేజీ. ఒక్క పేజీలో పట్టేలా పొగుడుకోవడం ఎంత పెద్ద ఇంజనీరుకైనా కష్టమే.

ఓంప్రకాశ్‌కు ఈ సీటు కావాలి. ఇదివరకు రెండుసార్లు ఓడిపోయాడు. రిటైరయ్యాక ఫోన్ చేసేవాళ్లు లేరు, ఇంట్లో ఆయన మాట వినేవాళ్లూ తక్కువే. ఈసారి పోతే మళ్లీ నిలబడే వయసు కాదు. పైగా పోటీలో ఉన్నది ప్రొఫెసర్ రాజేశ్వరి. ఆవిడ పేజీ నిండా పరిశోధనలూ పేటెంట్లూ.

శారద సంగతి కూడా చెప్పాలి. ఆమె ఉత్త టైపిస్టు కాదు. తేదీ తప్పితే ఒప్పుకోదు, పేరు లేకపోతే అసలే ఒప్పుకోదు. పెళ్లిపత్రికలో ఇంటిపేరు పడకపోతే ఫోన్ చేసి మరీ కనుక్కుంటుంది. అక్క చేతిలో పడితే దేవుడైనా ఆధార్ కార్డు చూపించాల్సిందేనని ఓనరు పవన్ నవ్వుతుంటాడు. ఆమె ఇంటి సంగతులు మాత్రం నాలుగేళ్లలో అతనికి ఒక్కటీ తెలియలేదు.

పేజీలోని చివరి వాక్యం ఆమె పైకి చదివింది. “‘2014లో ఒక ఫౌండ్రీలో జరిగిన క్రేన్ ప్రమాదాన్ని పరిశీలించి, కార్మికుడి నిర్లక్ష్యమే కారణమని తేల్చి, యాజమాన్యానికి అండగా నిలిచారు.’ కార్మికుని పేరు లేదు సార్.”

“యాదికి లేదమ్మా. క్రేన్ కొక్కెం ఇరిగి, సరుకు మీద పడి అక్కడ్నే పోయిండు. ఇప్పుడు పేరెందుకు?”

శారదకు చాలా బాధేసింది. మనిషి పోయాడు, తప్పూ అతనిదే అయింది, పేరు మాత్రం ఎవరికీ గుర్తులేదు. లేచి సీసాలో నీళ్లు సగం తాగి వచ్చి కూర్చుంది. ఏ నెల, ఏ షిఫ్టు అని అడిగింది. ఓంప్రకాశ్‌కు ఆ చాదస్తం చూసి నవ్వొచ్చింది. షిఫ్టు గుర్తులేదు కానీ జనవరేనని, ఆ ఏడు మేడారం జాతరకు కొన్నాళ్ల ముందని చెప్పాడు.

“ఒక్క మాట చెప్త, ఏమనుకోకుండ్రి సార్. పనోనిది తప్పని చెప్పనీకి మెటలర్జీ సదువుడెందుకు? సూపర్‌వైజర్ సుత చెప్తడు. మేడం పేజీల అన్నీ ఆమె కనిపెట్టినయే ఉన్నయి. మీరు కనిపెట్టింది ఏది?”

ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. ఆయన కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. కనిపెట్టకపోవడమేమిటి, విరిగిన ముక్క చేతిలోకి తీసుకున్న అరగంటలోనే తనకు తెలిసిపోయిందన్నాడు. విరిగినచోట సగం మెరుస్తోంది, సగం తుప్పు పట్టి ఉంది. లోపల తుప్పు ఉందంటే ఆ కొక్కెం నెలల ముందే పగిలింది. దాన్ని మార్చాల్సింది కంపెనీ. పెద్ద పెద్ద వాళ్లు వచ్చి చూసినా పట్టుకోలేని సంగతి తన కంటికే ఆనింది.

“మరి రిపోర్టుల?”

“రిపోర్టు వేరమ్మా. పద్దెనిమిదేండ్లు వాళ్లకు కన్సల్టెంటును నేను. తాగొచ్చిండని రాసినం.”

“తాగిండా?”

“తాగేటోడు కాదనే అన్నరు అందరు,” అన్నాడు ఓంప్రకాశ్, గొంతు తగ్గించి. ఆయనకూ మనసు చివుక్కుమంది. పన్నెండేళ్ల నాటి మాట, ఆ ఫౌండ్రీ కూడా చేతులు మారింది, ఇప్పుడు అడిగేవాళ్లెవరులే అని సర్దుకున్నాడు.

నిర్లక్ష్యం మాట తీసేసి పగులు మాట పెడదామని, రెండూ పక్కపక్కన పొసగవని శారద చెప్పింది. ఆయనకు నచ్చింది. ఆమె టైపు చేసింది: ‘2014 జనవరిలో ప్రమాదానికి కారణమైన క్రేన్ కొక్కెంలో నెలల నాటి పగులు ఉందని మొదటిరోజే గుర్తించారు.’ ఎక్కడో చెప్పకపోతే ఎవరూ నమ్మరని ఫౌండ్రీ పేరు కూడా ఆయన్నే అడిగి చేర్చింది. చదువుకుని ఓంప్రకాశ్ మురిసిపోయాడు. ఇప్పుడు తన పేజీ మేడం పేజీకి దీటుగా ఉందన్నాడు.

ఆ షాపులో ఒక పద్ధతి ఉంది. ఒకసారి పెళ్లిపత్రికలో పెళ్లికొడుకు పేరు మారి గొడవైనప్పటి నుంచి, పని ఇచ్చినవాళ్ల సంతకం లేనిదే పవన్ ఏదీ ప్రింటుకు పంపడు. ‘చదివాను, అంతా నిజం, సరిగా ఉంది’ అని ప్రూఫు మీద రాసి, కింద సంతకం పెట్టి తేదీ వేయాలి. ఓంప్రకాశ్ అలాగే రాసి, నిండుగా సంతకం చేశాడు. గెలిస్తే అదంతా నీ చలవేనమ్మా అని శారదకు దండం పెట్టి వెళ్లిపోయాడు.

ఆయన స్కూటర్ చప్పుడు వినబడనంత దూరం పోయాక శారద తల బల్లకు ఆనించి ఏడ్చింది. పవన్ కంగారుపడి దగ్గరికొచ్చాడు. ఫైల్లో జిరాక్స్ పెట్టుకోమని, సంతకం ఉన్న కాగితం తనకు కావాలని ఆమె అడిగింది. రేపు వకీలు దగ్గరికి పోవాలి, పనికి ఆలస్యంగా వస్తానని కూడా చెప్పింది.

పవన్‌కు ఏమీ అర్థం కాలేదు. అయినా కాగితం ఆమె చేతికే ఇచ్చి, “ఆ పనోని పేరు నీకెరికేనా అక్కా?” అని అడిగాడు.

శారద కొంగుతో ముఖం తుడుచుకుంది.

“ఎరికేగని, పెండ్లయినప్పటి సంది ఆ పేరు నోటితోని పల్కలే తమ్మీ.”