మామగారి డీజిలు కారు

“ఆపు! ఆపవయ్యా మహానుభావా, ఆపు!”

అరిచింది అల్లుడు. అరిచి, వెంటనే తన నోరు తనే మూసుకున్నాడు. కారు వెనక సీట్లో అత్తగారు పడుకుని ఉంది.

బంకులో పైపు పట్టుకున్న మీసాలాయన బిత్తరపోయి చూశాడు. “ఏమైంది సార్?”

“ఏం పోశావ్?” ఈసారి గుసగుసగా అడిగాడు అల్లుడు.

“పెట్రోలు.”

అల్లుడి మొహంలో నెత్తురు చుక్క లేదు. “ఇది డీజిలు బండయ్యా!”

“మూత వెనక పెట్రోలని రాసుందండీ. చూసే పోశాను.”

“మూతల సంగతి నాకు చెప్పకు. ఏడాదిన్నరగా మా మామగారు డీజిలు, డీజిలు అని నా చెవులు తినేస్తున్నాడు. మూత మాట నమ్మాలా, మామగారి మాట నమ్మాలా?”

“మీ మామగారు నాకు పరిచయం లేదు కదండీ,” అన్నాడు మీసాలాయన.

మామగారికి ఆ బుల్లి తెల్లకారంటే పంచప్రాణాలు. ముందు కారు, తర్వాత కూతురు. ఆ వరసలో అల్లుడు ఎక్కడో చివర, ఆ ఇంటి పిల్లి వెనకాల నిలబడ్డాడు. కొన్న ఈ ఏడాదిన్నరలో ఒక్కసారి కూడా స్టీరింగు ముట్టుకోనివ్వలేదు. ఇవాళ మోకాలు పట్టేసి తను కదల్లేక, అత్తగారి కంటి ఆపరేషన్ వాయిదా వెయ్యలేక, పొద్దున తాళం అల్లుడి చేతిలో పెట్టాడు. పెట్టి, చెయ్యి వదల్లేదు.

“డీజిలు. గుర్తుందిగా? పెట్రోలు పోయించావో, ఇంజను పోతుంది. ఇంజను పోతే మళ్లీ నా గుమ్మం ఎక్కకు.”

అక్కడికీ అంతా సజావుగానే సాగింది. కంటాసుపత్రి గేటు దగ్గర కార్లు సర్దే అతను తాళం తీసుకున్నాడు. ఆపరేషన్ అయ్యాక అల్లుడు మందుల కోసం వరసలో నిలబడి వచ్చేసరికి, అతనే కారుని మెట్ల ముందుకి తెచ్చిపెట్టాడు. “పెద్దావిణ్ణి కూర్చోబెట్టేశాం. మత్తులో ఉంది, కదిలించకండి,” అంది నర్సు. కళ్లకి నల్లద్దాలు, వాటితో సహా మొహమంతా కప్పేసిన శాలువా. అల్లుడు జాగ్రత్తగా పోనిచ్చాడు. దారిపొడుగునా తన ఉద్యోగం సంగతి, ఆఫీసులో తన తెలివితేటల సంగతి చెప్పుకొచ్చాడు. పెళ్లయ్యాక తను మాట్లాడుతుంటే అత్తగారు అడ్డుపడని అరగంట అదే. బండి కూడా చెప్పినట్టు విన్నది. పొద్దున గడగడలాడిన ఇంజను ఇప్పుడు చప్పుడే చెయ్యడం లేదంటే, అంతా తన చేతి మహిమ అనుకుని మురిసిపోయాడు. ఆ మురిపెంలోనే, ట్యాంకు నింపి తీసుకెళ్తే మామగారు మెచ్చుకుంటాడని బంకులోకి తిప్పాడు. మందుచీటీలో తలదూర్చి, “నింపెయ్” అన్నాడు.

బంకులో ఉన్న నలుగురూ కలిసి కారుని ఒక మూలకి తోశారు. “మెల్లిగా, మెల్లిగా! లోపల పెద్దమనిషి ఉంది,” అని అల్లుడు ఒకటే గోల.

పక్క షెడ్డులోంచి మెకానిక్కు చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. “తాళం తిప్పారా?”

“లేదు.”

“బతికిపోయారు. డీజిలు ఇంజనుకి డీజిలే నూనె కూడా. అందులో పెట్రోలు పడి తిరిగిందనుకోండి, ఇనుమూ ఇనుమూ కొరుక్కుని పంపు దగ్గర్నుంచి అన్నీ గోవిందా.”

అల్లుడు అక్కడున్న బకెట్టు బోర్లించి కూలబడ్డాడు. ఫోను మోగింది. భార్య.

“ఎక్కడున్నారు? నాన్న గుమ్మంలోనే నిలబడ్డారు.”

“దార్లో.”

“గొంతేంటి, అలా ఉంది?”

“మీ అమ్మ పడుకుందే.”

“మీరు కబుర్లు చెప్తుంటే అమ్మ పడుకుందా?”

అల్లుడు ఫోను పెట్టేశాడు. మెకానిక్కు బానెట్టు ఎత్తి, అందులోకి చూసి, తల గోక్కున్నాడు.

“ఏమైంది? పోయిందా?”

“మీ మామగారు ఏం చేసేవారు?”

“లారీ డ్రైవరు. ముప్పయ్యేళ్లు.”

“ముప్పయ్యేళ్లు లారీ తోలినాయనకి ఇది తెలీలేదా?” మెకానిక్కు లోపల్నుంచి ఒకటి పీకి అల్లుడి ముక్కు ముందు పెట్టాడు. “స్పార్క్ ప్లగ్గు. డీజిలు బండికి ఇది ఉండదు. ఇది పుట్టుకతోనే పెట్రోలు బండి సార్.”

మీసాలాయన “మూత...” అనబోయి, మర్యాదకి ఊరుకున్నాడు.

అల్లుడికి ముందు నవ్వొచ్చింది. ఆ తర్వాత మండింది. ఏడాదిన్నర! తను పెట్రోలు కారు కొంటానన్నందుకు నలుగురి ముందూ “బుర్ర తక్కువ” అన్నాడు. అన్నం ముందు కూర్చున్నప్పుడల్లా డీజిలు గొప్పలు. ఊరందరి చెవుల్లో పువ్వులు పెట్టి, ఇంట్లో పెట్టుకున్నది పెట్రోలు బండా!

“దొరికావు మావా,” అనుకున్నాడు.

కానీ ఆయన ఒప్పుకునే రకం కాదు. సాక్ష్యం కావాలి. అత్తగారికి తెలీకుండా ఆ ఇంట్లో చీపురుకట్ట కూడా చోటు మారదు. ఆవిడ చేత ఇక్కడే, ఈ ఇద్దరి ముందే చెప్పించాలి. మత్తు సంగతి మర్చిపోయి వెనక తలుపు బార్లా తీశాడు.

“అత్తయ్యగారూ! లేవండి. ఒక్క మాట నిజం చెప్పండి. మావయ్యగారు మనందర్నీ మోసం చేశారా, లేదా?”

శాలువా కదిలింది. నెమ్మదిగా కిందికి జారింది. ఒక చెయ్యి పైకి లేచి నల్లద్దాలు తీసింది.

అల్లుడి నవ్వు నోట్లోనే ఉండిపోయింది.

ఆవిడ అత్తగారు కాదు.