గిటారు బొమ్మ పత్రిక

తప్పులుంటే సర్దుకొని చదవండి. అరవై ఏండ్ల వయసులో అక్షరాలు దిద్దినదాన్ని, నిదానంగా రాస్తాను.

“గీ రాక్ మ్యూజిక్ అంటే ఏందో ఒక్క మాటల చెప్పు శ్రీహరీ. లేకుంటే కట్ట వాపస్ తీస్కపో.”

జమ్మికుంట బస్టాండులో పుస్తకాల కొట్టు లక్ష్మీరాజం కూడా వద్దంటే, శ్రీహరి కొత్తగా పెట్టిన రాక్ సంగీత పత్రిక తొలి సంచికతోనే ఆగిపోతుంది. శ్రీహరి డ్రమ్ములు, తిరుగుబాటు, స్వేచ్ఛ అంటూ చెమటలు కక్కాడు. లక్ష్మీరాజం ఆవలించాడు.

కట్ట మోసుకొచ్చిన తల్లి నర్సవ్వకు ఒళ్లు మండింది. అట్ట మీద జుట్టు విరబోసుకొని అరుస్తున్న గిటారు మనిషిని చూపించింది.

“మల్లన్న జాతరల శివసత్తులను చూడలేదా తమ్మీ? గీయనకు గూడ గట్లనే పూనకమొచ్చింది. డప్పుకు బదులు గిటారు, గంతే.”

“గట్ల చెప్పరాదు మరి!” లక్ష్మీరాజం పత్రికలను పంచాంగాల ముందర వేలాడదీశాడు.

శ్రీహరి తన నాలుగు పేజీల ముందుమాట వైపు దిగులుగా చూశాడు. “అవ్వా, వచ్చే నెలది నువ్వు చెప్పు, నేను రాస్త.”

“నువ్వు రాసుడేంది? నాకే అక్షరాలు నేర్పు.”

— వేముల నర్సవ్వ, 78 ఏండ్లు, ఇప్పుడు ఉండేది కరీంనగర్‌లో.