ఉరుముపువ్వు

ఆషాఢం సగం దాటింది. పువ్వు ఈ ఏడూ రాలేదు.

ఉమాశ్రీకి ఒళ్లు మండిపోయింది. పొద్దున ఆరింటికే పీట, కొడవలి పట్టుకుని తోటలో కూర్చుంది. కోపం వచ్చినప్పుడల్లా ఆమె కలుపు తీస్తుంది. ఈ మధ్య ఆ తోటలో కలుపన్నదే నిలవడం లేదంటే ఆమె ఎంత కోపంగా ఉంటోందో ఊహించుకోవచ్చు.

గోపన్‌పల్లిలో ఆ రెండు వందల గజాలు కొన్నప్పుడు ఆమె ఓ స్కూల్లో డ్రాయింగ్ టీచరు. రెండు గదుల ఇల్లు కట్టుకుని మిగతాదంతా అడవిపూలకు వదిలేసింది. గునుగు, తంగేడు, తుమ్మి, విష్ణుక్రాంతం... ఈ చుట్టుపక్కల గుట్టల మీద, చెలకల గట్ల మీద పూసేవే. నర్సరీ గులాబీని గేటు దాటనిస్తే ఒట్టు. పూసిన ప్రతిదాన్నీ రంగుల్లో గీసింది. ఎవరైనా పెళ్లి మాట ఎత్తితే, "తుమ్మి మొలకలొచ్చాయండీ, ఇప్పుడు కుదరదు" అనేది. అలా అంటూ అంటూనే జుట్టు నెరిసింది. ముప్పై ఏళ్లలో నూటపదకొండు బొమ్మలయ్యాయి.

నూటపన్నెండోదే ఆమె ప్రాణం తీస్తోంది.

కొత్తగూడ దగ్గర అప్పట్లో ఒక రాళ్లగుట్ట ఉండేది. తొలకరి ఉరుములు ఉరిమిన మర్నాడు ఆ పువ్వును అక్కడ చూసింది. కొమ్మ లేదు, రెమ్మ లేదు. నేలలోంచి జానెడు కాడ, దాని చివర లేత వంగపండు రంగు పువ్వు. చేతిలో పెన్సిల్ తప్ప ఏమీ లేక, గబగబా నాలుగు గీతలు గీసుకుంది. రెండు రోజులకు రంగులు తీసుకుని వెళ్లేసరికి వాడిపోయింది. ఆ నెలలోనే గుట్టను పేల్చేస్తారని తెలిసి, సరిగ్గా అది పూసిన చోటి మట్టిని రెండు గోనెసంచుల్లో నింపి, ఆటోలో తెచ్చి తోట నడిమధ్య మడి కట్టింది.

ఆ మట్టిలో అడ్డమైనవన్నీ మొలిచాయి, అదొక్కటి తప్ప.

ఎరువు మార్చింది. నీళ్లు తగ్గించింది. పందిరి వేసింది, మళ్లీ పీకేసింది. ఆ మడిని మాత్రం ఎవరికీ అప్పగించలేదు. గడ్డిపరక కూడా నిలవకుండా తన చేత్తోనే శుభ్రం చేసుకునేది. అయినా పువ్వు రాకపోయేసరికి అనుమానం పనివాళ్ల మీదికి పోయింది. "నువ్వే తొక్కేసుంటావ్" అని ఒకణ్ణి, "మొగ్గ విరిచావు కదూ" అని ఇంకొకణ్ణి, మొత్తం ఏడుగురిని మానిపించింది.

ఇప్పుడు చూస్తే అసలు తోటకే గండం వచ్చింది. రోడ్డు వెడల్పు చేస్తారట. కొలతలవాళ్లు గోడ మీద ఎర్రగీత పెట్టి వెళ్లారు. వచ్చే తొలకరికి ఇక్కడ తోట ఉండదు.

"మేడమ్ గారూ!" గోడ అవతలి నుంచి బుల్లిబాబు గొంతు. పక్క అపార్ట్‌మెంట్ సెక్రటరీ. "ఎలాగూ పోయే జాగానే కదండీ. ఈ పిచ్చిమొక్కలు ఇప్పుడే తీయించేద్దురూ. పాములొస్తాయని మావాళ్లు గోల పెడుతున్నారండి."

"పేరు తెలియనివన్నీ మీకు పిచ్చిమొక్కలే" అంది ఉమాశ్రీ తలెత్తకుండా. "చూసే ఓపిక ఉండాలి లెండి."

ఆయన గొణుక్కుంటూ వెళ్లిపోయాడు. నడిమడిలో ఆమె కొడవలి ఇంకా జోరుగా ఆడింది.

ఎనిమిదింటికి రాజమ్మ వచ్చింది. నారాయణపేట వైపు మనిషి. పనిలో చేరి వారమైంది.

"నిన్న నడిమడిలో కాలు పెట్టావా?" ఉమాశ్రీ గద్దించింది.

"లేదమ్మా. నేను గటు దిక్కే పోలె" అని రాజమ్మ చీపురు పట్టుకుని మొదటిసారి బొమ్మల గదిలోకి నడిచింది. రెండు నిమిషాలకు లోపలి నుంచే కేకేసింది.

"అమ్మా! గిది ఉరుముపువ్వు గదా?"

ఉమాశ్రీ పరుగున వెళ్లింది. గోడకున్న ఆ పాత పెన్సిల్ బొమ్మ ముందు రాజమ్మ నిలబడి ఉంది.

"నీకు తెలుసా ఇది?"

"తెల్వకేంది? మా చెల్కల మస్తుండేది. తొలి ఉరుముకు లేస్తది, రెండొద్దులకు పోతది."

"మరి నా దగ్గరెందుకు రాదు?" అంది ఉమాశ్రీ. "ముప్పై ఏళ్లు, రాజమ్మా! బిడ్డను సాకినట్టు సాకాను ఆ మడిని. ఒక్కటంటే ఒక్క పువ్వు ఇవ్వలేదు."

"పరేషాన్ గాకమ్మా. పువ్వున్నప్పుడు దానికి ఆకుండదు, ఆకున్నప్పుడు పువ్వుండదు. లోపట ఉల్లిగడ్డ లెక్క గడ్డ ఉంటది. వానకాలమంత ఆకు మంచిగ నిలిస్తెనే గడ్డ బలుస్తది. గడ్డ బలిస్తెనే మల్లొచ్చే ఏడు పువ్వేస్తది."

ఉమాశ్రీ బల్ల మీద ఒక తెల్లకాగితం పరిచి, పెన్సిల్ రాజమ్మ ముందుకు చాచింది. "ఆ ఆకు ఎలా ఉంటుందో గీసి చూపించు. ఎక్కడున్నా వెతికి తెచ్చి, కుండీలో పెట్టయినా పూయించుకుంటాను."

రాజమ్మ పెన్సిల్ అందుకోలేదు. బయటికి వెళ్లి, ఉమాశ్రీ పొద్దున్నుంచి నడిమడిలో కోసి గేటు పక్కన పోసిన గడ్డికుప్పలోంచి గుప్పెడు తెచ్చి, ఆ తెల్లకాగితం మీద పెట్టింది.