దొనకొండ నుంచి రావలసిన నూనె

“ఇంక ఆ రంపాన్ని అటక మీద పెట్టుకో, మాలకొండయ్యా,” అన్నాడు రామసుబ్బయ్య, కొయ్య కోసే తన కొత్త ఇంజన్ మీద చేయి వేసి. “జర్మనీలో, జపానులో కొయ్య కోసేది బొగ్గు, నూనె. మనిషి కాదు.”

“నూనె తాగేది ఇంజనేలే అన్నా. దాన్ని తిప్పేదెవరు?”

“ఒకడు చాలు. వాడు గూడా నీ కాడ్నుంచి వచ్చినోడే.” పీపాలో నూనె చూస్తున్న నాగులును చూపించి నవ్వాడు. “వీడు పోతే ఇంకొకడు. ఆ చక్రం ఎవుడు తిప్పినా తిరుగుతుంది.”

నాగులు తలెత్తలేదు. గుంత మీద మొద్దు పెట్టి, పైన మాలకొండయ్య, గుంతలో తాను నిలబడి పదేళ్ళు రంపం లాగినవాడు. నెల కిందటే ఇంజన్ దగ్గర చేరాడు.

కర్నూలు రాజధాని అయ్యాక ఊరూరా బడులు లేస్తున్నాయి. మార్కాపురం పలకలకు గిరాకీ పెరిగింది. పలకల చట్రాలకు కొయ్య ఎవరు కోయాలన్నదే ఇప్పుడు తగువు. ఆ పని ఇంజన్‌కు పోతే పదకొండు జతల కోతగాళ్ళు ఊరు విడవాల్సిందే. చివరికి పలకల వ్యాపారి వెంకటసుబ్బయ్య పందెం పెట్టాడు. రేపు పొద్దున చెరొక వేపమొద్దు. ముందు కోసినవాళ్ళకే పని.

“నా రంపం వస్తాది. నీ ఇంజన్‌ను రమ్మను,” అన్నాడు మాలకొండయ్య.

“కింద ఎవరు పట్టుకుంటారంట?” అన్నాడు రామసుబ్బయ్య.

“గిద్దలూరు నుంచి మా బావమరిది వస్తాడులే.”

నాగులు పీపా మూత బిగించాడు. “నూనె చాలదు సామీ. దొనకొండ స్టేషనుకు పోయి తెస్తా. పొద్దునకల్లా ఈడుంటా.”

తెల్లవారి జనం వచ్చేసరికే గుంతలో మనిషి ఉన్నాడు. పొట్టు కళ్ళలో పడకుండా ముఖానికి తువ్వాలు చుట్టుకున్నాడు. రంపం కదిలింది. రామసుబ్బయ్య రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డాడు. నూనె బండి జాడ లేదు.

“ఏంది బావా, నూనె గూడా జపాను నుంచే రావాల్నా?” అంది మాలకొండయ్య భార్య పోలమ్మ. కోతగాళ్ళు గొల్లున నవ్వారు.

వెంకటసుబ్బయ్య వంగి కోతను వేలితో తడిమాడు. “దారం పట్టినట్టు పోతాందే! నిన్న వచ్చిన చుట్టానికి నీతో చెయ్యి ఇంత బాగా ఎట్ల కుదిరిందయ్యా?”

మాలకొండయ్య రంపం ఆపలేదు.

రామసుబ్బయ్య ఉండబట్టలేక పీపా మూత తీశాడు. సగానికి పైగా నూనె! పరుగున పోయి తానే చక్రం పట్టుకు తిప్పాడు. ఇంజన్ ఒకసారి దగ్గి ఊరుకుంది. మళ్ళీ తిప్పాడు. చొక్కా తడిసింది గాని, ఇంజన్ కదల్లేదు.

అవతల మొద్దు నిలువునా రెండుగా విడింది.

“ఆ నాగులుగాడు రానీ, తోలు తీస్తా!” అని అరిచాడు రామసుబ్బయ్య.

గుంతలోని మనిషి తువ్వాలు విప్పి, పొట్టు దులుపుకున్నాడు.

“ఈడనే ఉన్నా సామీ.”