మడమల జామ్

వదిన కత్తి మొనతో సీసాలోంచి పెద్ద ముద్ద తీసి బ్రెడ్డు ముక్క మీద అంచుల దాకా పరిచేసరికి మరదలికి గొంతులో టీ అడ్డం పడింది.

అది జామ్ కాదు. మడమల పగుళ్ళకు రాసి రుద్దుకునే ముద్ద. పంచదార, కొబ్బరినూనె, ఎండబెట్టి దంచిన నారింజ తొక్కలు, వారం రోజులుగా దాచిన కాఫీ పిప్పి కలిపి మరదలు తన చేత్తో చేసింది. సెలవుల్లో మొగుడి అక్క ఇంటికి వట్టి చేతులతో వెళితే బాగుండదు. కొని ఇచ్చే స్తోమత ఈ ఏడు లేదు. జామ్ సీసాలు ఖాళీవి ఇంట్లో ఉన్నాయి. ఎలా వాడాలో గుండ్రటి అక్షరాలతో రాసి, ఆ చీటీని సీసా పెట్టిన సంచికి అంటించింది కూడా.

బల్ల కింద భర్త కాలు తొక్కి, చీటీ ఏదని పెదవులతోనే అడిగింది.

"సంచికే ఉంది," అని గొణిగాడు.

"సంచి ఏది?"

అతను ప్యాంటు జేబు తట్టి చూపించాడు. గట్టి సంచి, మళ్ళీ పనికొస్తుందని గుమ్మంలోనే సీసాను అక్క చేతిలో పెట్టి, సంచిని నాలుగు మడతలు వేసి దాచుకున్నాడట. పొదుపు చెయ్యమన్నది నువ్వేగా అన్నట్టు చూశాడు.

చెప్పేద్దామని మరదలు నోరు తెరిచింది. ఆలోపే వదిన అత్తగారు మొదటి ముక్క కొరికి కళ్ళు మూసుకుంది. పళ్ళ కింద కరకరలాడుతోందని, ఈ కాలం పిల్లలకు ఇలాంటివి చెయ్యడం రాదని మెచ్చుకుంది. వదిన భర్త కాఫీ వాసన భలేగా ఉందంటూ రెండో ముక్కకు చెయ్యి చాపాడు. చివరికి వదిన కూడా ఓ ముక్క కొరికి, నిదానంగా నమిలి మింగింది.

"బాగా చేశావమ్మాయ్," అంది.

మరదలు నోరు మూసుకుంది. కాపురానికి వచ్చిన తొమ్మిదేళ్ళలో ఆమె చేసినదాన్ని వదిన బాగుందనడం ఇదే మొదలు. కుట్టిన దిండు గలీబులకు కుట్లు వంకర. పెట్టిన టీలో నీళ్ళెక్కువ. ఆఖరికి కుండీలో పెంచిన మొక్క కూడా ఒక పక్కకు ఒరిగిందని మాట పడింది. ఇన్నాళ్ళకు దక్కిన ఆ ఒక్క మెప్పునూ చేతులారా మడమల పాలు చెయ్యడానికి మనసొప్పలేదు.

"నువ్వూ తిను. చేసినదానివి నువ్వే తినకపోతే ఎలా?" అంటూ వదిన ఆమె పళ్ళెంలో రెండు ముక్కలు వేసింది.

తినక తప్పలేదు. నూనె అంగిట్లో అంటుకుంది. పిప్పి పళ్ళ సందుల్లో ఇరుక్కుంది. మొగుడైతే సంగతి తెలిసి కూడా మూడు ముక్కలు లాగించి వేళ్ళు నాక్కున్నాడు.

ఎలా చేశావని ముసలావిడ అడిగితే, మరదలు నారింజ తొక్కల దాకా చెప్పి ఆగిపోయింది. ఈ సీసా అయ్యాక ఇంకోటి పంపమంది ఆవిడ. రోజూ పొద్దున్నే పరగడుపున ఒక చెంచా తింటుందట.

ఆ పెద్దావిడ కడుపుకేమైనా అయితే ఎవరు జవాబు చెప్పాలి? పళ్ళాలు ఎత్తే వంకతో మరదలు వదిన వెనకే వంటగదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసింది.

"వదినా, మీరు తిట్టినా సరే. అది జామ్ కాదు, కాలి మడమలకి రాసుకునేది."

వదిన పళ్ళాలు కుళాయి కింద పెట్టి నీళ్ళు వదిలింది. మరదలు ఇంకా కంగారుపడి మిగతాదంతా ఒక్క ఊపిరిలో చెప్పుకుపోయింది: చీటీ సంగతి, సంచి సంగతి, కొనే వీల్లేక ఇంట్లో ఉన్నవాటితో కలిపిన సంగతి, బాగుందని వదిన అనేసరికి ఆశపడి నోరు విప్పలేకపోయిన సంగతి.

వదిన కుళాయి కట్టేసింది. హాల్లోకి వినపడకుండా గొంతు తగ్గించింది.

"మూత తీసి వాసన చూసినప్పుడే తెలిసిందిలే, అన్నీ తినేవే. ఈసారి మేం బ్రెడ్డు వరకే కొనగలిగాం. నీ సీసా రాకపోతే మీ ముందు ఉత్త ముక్కలు పెట్టాల్సొచ్చేది."