మంచిరోజు దాకా

“నీ పని నువ్వు చూసుకో!”

చక్రధర్ అరుపుకు బేస్‌మెంట్ మెట్ల మీదే ఆగిపోయింది రిషిత. అతని ఇంట్లో కింద అద్దెకుంటున్న కాలేజీ స్టూడెంట్ ఆమె. ఇండియా నుంచి వచ్చిన పిల్లలతో కెనడాలోని మిస్సిసాగా నిండిపోయిన ఆ సెప్టెంబరులో గది దొరకడమే గగనం.

అయినా ఊరుకోలేకపోయింది.

“అన్నా, అక్కకి కడుపులో బిడ్డ మాయ కిందికి ఉందని డాక్టర్ చెప్పింది కదా. నొప్పులు రాకముందే ఆపరేషన్ చేయాలన్నది. తేదీ ఎందుకు మార్పించిన్రు?”

“ఆ రోజు బాలేదు. వారం ఆగితే దివ్యమైన ముహూర్తం ఉందన్నారు సిద్ధాంతిగారు. కోయడానికి ఎప్పుడూ తొందరే ఈ డాక్టర్లకి.”

“ఈలోపు రక్తం పోతే...”

“అపశకునం మాటలు మాట్లాడకు! నెలాఖరుకి ఖాళీ చెయ్యి.”

సోఫాలో ఉన్న కావ్యశ్రీ పొట్ట మీద చెయ్యి వేసుకుని తల దించుకుంది. భర్తకు ఎదురు చెప్పడం ఆమెకు అలవాటు లేదు.

డాక్టర్ పెట్టిన తేదీ దాటిపోయింది.

ఒక ఉదయం, చక్రధర్ ఆఫీసుకెళ్లాక, పైనుంచి కేక వినిపించింది.

రిషిత పరుగెత్తింది. కావ్యశ్రీ వంటింట్లో నేల మీద కూలబడి ఉంది. కాళ్ల కింద రక్తం.

“నొప్పి వస్తోందా అక్కా?”

“నొప్పేం లేదు... రక్తమే ఆగట్లేదు.”

రిషిత అంబులెన్సుకు ఫోన్ చేసింది. అది వచ్చేదాకా కావ్యశ్రీ చెయ్యి వదలలేదు. వెంట హాస్పిటల్‌కీ వెళ్లింది.

చక్రధర్ వచ్చేసరికి లోపల ఆపరేషన్ జరుగుతోంది. బయట రిషిత నిలబడి ఉంది, బట్టల నిండా రక్తంతో.

“నీ పాడునోరే తగిలింది! నా కళ్లముందు ఉండకు. నెలాఖరు దాకా కాదు, ఇవాళే ఖాళీ చెయ్యి.”



“అక్క మిమ్మల్నే అడుగుతుండె,” అని చెప్పి వెళ్లిపోయింది రిషిత.

పాప క్షేమంగా పుట్టింది. కావ్యశ్రీకి మాత్రం రక్తం ఆగక గర్భసంచి తీసేయాల్సి వచ్చింది.

“అంబులెన్స్ ఇంకాస్త ఆలస్యమైతే ఇద్దరినీ కాపాడలేకపోయేవాళ్లం,” అంది డాక్టర్.

కళ్లు తెరవగానే కావ్యశ్రీ అడిగిన మొదటి మాట, “రిషిత ఏది?”

చక్రధర్ గోడ వైపు చూశాడు.

పాపతో ఇంటికొచ్చిన వారానికి, రిషిత సామాను తీసుకెళ్లడానికి ఆమె ఊరివాడే అయిన వికాస్ వచ్చాడు.

“తననొకసారి రమ్మను బాబూ. పాపని చూసి వెళ్తుంది,” అన్నాడు చక్రధర్.

“రాదన్నా. ఒషావాలో ఫ్రెండ్స్ దగ్గరుంది. ఇటు దిక్కే రానంటోంది.”

“పోనీ, వాళ్లమ్మ నంబరివ్వు. ఆవిడకైనా క్షమాపణ చెప్పుకుంటాను.”

వికాస్ సూట్‌కేసు కింద పెట్టాడు.

“వాళ్లమ్మ లేదన్నా. ఆమెకూ మాయ కిందికే ఉండెనంట. డాక్టర్ చెప్పిన రోజు వద్దని, ఇంట్లోవాళ్లు మంచిరోజు దాకా ఆగిన్రు. ఆ కాన్పులో దక్కింది రిషిత ఒక్కతే.”